మబ్బుకొండ తోటలో కాగితపు గులాబీలు

అనగా అనగా, మన తాతల తాతలు ఇంకా ఉయ్యాలలో ఊగుతున్న కాలాన, మబ్బుకొండ అనే రాజ్యం ఉండేది. పేరులో మబ్బు ఉంది గానీ ఆ సీమలో వాన తక్కువ. కురిస్తే పంట, కురవకపోతే మంట. అలా బతికేవారు అక్కడి జనం.

ఆ రాజ్యాన్ని ఒకప్పుడు ఒక రాణి ఏలింది. ఆమె కన్నుమూసి చాలా కాలమైంది. ఆమె నాటిన గులాబి తోట మాత్రం కోట పక్కన అలాగే నిలిచింది. ఆ తోటలో మూడే రకాల గులాబీలు.

మొదటిది పన్నీరు గులాబి. లేత రంగు, చిన్న పువ్వు. గాలి ఎటు వీస్తే అటు వీధంతా వాసన. రెండోది సందె గులాబి. పొద్దున తెల్లగా విచ్చి, పొద్దుగూకేసరికి ఎర్రబడుతుంది. మూడోది ముద్ద గులాబి. రేకు మీద రేకు, రేకు మీద రేకు, తన బరువు తానే మోయలేక తల వంచుకుని ఉంటుంది.

రాణి ఆ తోటను అందం కోసం నాటలేదు. ఆమె చిన్ననాడు కరువు చూసిన మనిషి. కరువు వస్తే అది చేలకు ముందు తెలుస్తుంది, కడుపులకు తర్వాత తెలుస్తుంది, కోటకు అన్నిటికంటే చివర తెలుస్తుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. అందుకే ఒక కట్టడి చేసింది.

"ఈ తోటకు కోట బావి నీళ్లు పొయ్యకూడదు. ఊళ్ల చేలకు పారే కాలువ నీళ్లే దీనికీ పారాలి. చేలు పండిన ఏడు ఇవి పూస్తాయి. చేలు ఎండిన ఏడు ఇవీ ఎండుతాయి."

ప్రతి ఏటా మార్గశిరానికి ముందే తోట చుట్టూ తెర కట్టేవారు. మార్గశిరం మొదటి గురువారం ఊరూరి పెద్దలూ వచ్చి కంచె అవతల నిలబడేవారు. రాజు తన చేత్తో తెర లాగేవాడు. అప్పుడు పెద్దలు పువ్వు పువ్వునూ చూసి కేక వేసేవారు.

"పన్నీరు పూసింది. సందె పూసింది. ముద్ద పూసింది."

మూడూ పూస్తే అందరూ ఇళ్లకు పోయేవారు. మూడూ పూయకపోతే గాదెల కావలివాడు రాజు మాట కోసం చూడకుండా రాజుగారి గాదెల తలుపులు తియ్యాలి. లోపలి ధాన్యం ఊళ్లకు పంచాలి. అదీ రాణి పెట్టిన కట్టడి.

చాలా తరాలు అది అలాగే నడిచింది. ఆ తర్వాత జయకేతుడు రాజయ్యాడు.

జయకేతుడు మరీ క్రూరుడేం కాదు. పొగిడితే పొంగిపోయే మనిషి, అంతే. ఆయనకు అద్దాల మేడ కట్టుకోవాలని కోరిక పుట్టింది. మంత్రి దండపాణి దానికొక దారి చూపించాడు. గాదెల ధాన్యం బండ్లకెత్తించి రేవుకు తోలించి, ఓడల వర్తకులకు అమ్మడం మొదలుపెట్టాడు. సరిగ్గా ఆ ఏడే వానలు మొహం చాటేశాయి.

కోట కింద పేటలో ఓబులమ్మ అనే ఆవిడ ఉండేది. కాగితపు పూలు చెయ్యడం ఆమె పని. ఓడల మీద ముడతల కాగితం వచ్చేది. లాగితే సాగుతుంది, వదిలితే ఒదుగుతుంది. ఆ కాగితంతో ఆమె చామంతి చేస్తే పక్కనే నిజం చామంతి పెట్టి చూసుకోవాల్సి వచ్చేది. పెళ్లి పల్లకీలకైనా, దేవుడి తేరుకైనా ఆమె పూలే కట్టేవారు.

ఒకనాడు కోట నుంచి పిలుపొచ్చింది. పక్కింటి సంజమ్మ గడపలో కూర్చుని నవ్వింది.

"కాగితం కోసేదానికి కోటలో ఏం పనే? రాజుగారికి మీసాలు అతికిస్తావా ఏంది?"

"అతికిస్తే ఊడకుండా అతికిస్తాలే," అని ఓబులమ్మ కొంగు సర్దుకుని వెళ్లింది.

దండపాణి ఆమెను తోట దగ్గరికే తీసుకుపోయాడు. తెర పక్కకు జరిపాడు. లోపల పొదలు సగం ఎండి ఉన్నాయి. అక్కడొకటి ఇక్కడొకటి పువ్వు మిగిలింది.

"వానలు కాస్త ఆలస్యమైనాయి, ఓబులమ్మా," అన్నాడు మంత్రి మెత్తగా. "రేపో మాపో కురుస్తాయి. ఈలోగా జనం ఈ పొదలు చూస్తే బెదిరిపోతారు. ఎద్దులమ్ముకుంటారు, ఊళ్లొదిలి పోతారు. ఈ ఒక్క ఏడు గట్టెక్కితే చాలు. నీ చేతిలో ఆ పనితనం ఉందని విన్నాను."

ఓబులమ్మకు కట్టడి సంగతి తెలియనిది కాదు. కాదని చెప్పాలనే అనుకుంది. కానీ ఆమె చూపు ముద్ద గులాబి మీద పడింది. పుట్టినప్పటి నుంచీ కంచె అవతల నుంచే చూసిన పువ్వు అది. చేతి దూరంలోకి ఎన్నడూ రాలేదు. దాని రేకులు ఎలా పేర్చి ఉన్నాయో తెలుసుకోవాలని ఆమె వేళ్లు తహతహలాడాయి.

"దగ్గరగా చూడొచ్చా, అయ్యా?" అంది.

"కోసుకునే చూడు," అన్నాడు దండపాణి.

అలా పడింది ఆమె ఆ వలలో. డబ్బుకు కాదు, భయానికి కాదు, పనితనం మీది గర్వానికి.

తోటమాలి ఎల్లప్ప పువ్వులు కోసిచ్చాడు. ఓబులమ్మ ఒక్కొక్క రేకూ విప్పి నేల మీద వరసగా పేర్చుకుంది. పన్నీరు గులాబి లోపలి రేకులు మడతలు పడి ఉంటాయి. సందె గులాబి రేకు అంచున సన్నని నొక్కు ఉంటుంది. ముద్ద గులాబిలో బయటి రేకులు వెడల్పు, లోపలికి పోయేకొద్దీ చిన్నవి, నడిమధ్యన గోరంతవి. ఆమె ఏదీ వదల్లేదు. కాగితాన్ని రేకులుగా కత్తిరించింది. బొటనవేళ్లతో రేకు నడుమ సాగదీసి దొప్పలా వంచింది. అంచులు దబ్బనం మీద చుట్టి వదిలింది. వెదురు పుల్లకు ఒక్కొక్కటే అతికి, కింద ఆకుపచ్చ కాగితం చుట్టింది. సందె గులాబీలను తెల్లవి కొన్ని, అంచులెర్రబడినవి కొన్ని చేసింది. పురుగు కొట్టిన రేకు ఒకటి కనిపిస్తే ఆ చిల్లు కూడా పెట్టింది.

పూలన్నీ పొదలకు కట్టాక ఎల్లప్ప ఒకదాని వాసన చూడబోయి సగంలో ఆగాడు.

"అక్కా, నన్నే మోసం చేశావు," అన్నాడు.

ఓబులమ్మ మురిసిపోయింది. ఆ మురిపెంలో ఇంకొక సంగతి గమనించలేదు. దండపాణి తోటకు నీరు వచ్చే తూము మూయిస్తున్నాడు. కాలువలో సన్నగా పారే ఆ కాస్త నీటినీ ఆపేశాడు. మొదళ్లలో తడి ఉంటే మంచు పడుతుందట, మంచు పడితే కాగితం రంగు కారుతుందట.

"వేళ్లు చచ్చిపోతాయి, దొరా," అన్నాడు ఎల్లప్ప.

"పూలున్నాయి గదరా. వేళ్లెవరు చూస్తారు?" అన్నాడు దండపాణి.

గురువారం వచ్చింది. వాసన కోసం కంచె పొడుగునా కడవల కొద్దీ పన్నీరు చల్లారు. రాజు తెర లాగాడు. పెద్దలు కంచె అవతల నుంచి చూసి కేక వేశారు.

"పన్నీరు పూసింది. సందె పూసింది. ముద్ద పూసింది."

ఆ జనంలో ఓబులమ్మ కూతురు చెన్నమ్మ ఉంది. ఆమెను జొన్నలమిట్టకు ఇచ్చారు. చంకన చిన్నపిల్ల. ఆ పిల్ల పూలకేసి చేతులు చాచింది.

"అవ్వా, నాకొకటి," అంది.

"అవి రాజుగారివి, తల్లీ," అంది ఓబులమ్మ, పిల్ల బుగ్గ నిమిరి.

చెన్నమ్మ తల్లి చెవి దగ్గరగా వచ్చి మెల్లగా అంది. "మా ఊళ్లో చేలన్నీ ఎండినాయి, అమ్మా. ఇక్కడ చూస్తే పూలు విరగబూశాయి. అంటే అన్ని ఊళ్లూ బాగున్నట్టే గదా. మా ఊరొక్కటే ఏదో పాపం చేసుకున్నట్టుంది. ఎవరితోనూ అనబాకు, సిగ్గుచేటు."

ఓబులమ్మకు నిజం చెప్పేయాలనిపించింది. కానీ వానలు రేపో మాపో కురుస్తాయి కదా అనుకుంది. నోరు విప్పలేదు.

పిల్లలూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఆ రోజు కంచె దగ్గర నిలబడ్డ ప్రతి ఊరివాడూ మనసులో అదే మాట అనుకున్నాడు. మా ఊరొక్కటే ఎండింది, మిగతా దేశమంతా పచ్చగా ఉంది, అని. ప్రతివాడూ సిగ్గుపడి పక్కవాడికి చెప్పలేదు. ఒకరి కరువు ఒకరికి తెలియకుండా అందరూ ఇళ్లకు పోయారు. ఉన్న గింజలు దాచుకోవలసింది పోయి, నలుగురిలో తక్కువ కాకూడదని పెళ్లిళ్లు కూడా చేశారు.

రెండో ఏడూ వానలు కురవలేదు.

ఈసారి దండపాణి మెత్తగా మాట్లాడలేదు. ఓబులమ్మను కోటకు రప్పించి, ముందు ముడతల కాగితం కట్టలు పడేశాడు.

"నావల్ల కాదయ్యా," అందామె. "ఊళ్లు ఎండినాయంట. ఈసారి పూలు లేవనే చూపిద్దాం. గాదెలు తీస్తే జనం బతుకుతారు."

"నిరుడు పూలు చేసిందెవరు?" అన్నాడు దండపాణి. "నేనా? ఆ సంగతి జనానికి తెలిస్తే ముందు ఎవరి ఇల్లు తగలబెడతారు? నా చేతిలో కత్తి కూడా అక్కర్లేదు. కానీ కావాలంటే కత్తి కూడా ఉంది. పది వేళ్లూ ఉండగానే పని చేసుకో."

ఆమె వేళ్లకేసి చూసుకుంది. కాగితం తీసుకుంది.

మొదటి ఏడు గర్వంతో చేసిన పని రెండో ఏడు భయంతో చేసింది. చేతులు మాత్రం రెండుసార్లూ ఒకటే పని చేశాయి.

జిగురు కాయడానికి కోట నుంచి బియ్యప్పిండి పంపేవారు. ఓబులమ్మ పెరట్లో పొయ్యి మీద పిండి ఉడికించేది. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపేది. ఆ వాసన గోడ దాటి పోయేది. పేటలో అప్పటికే చాలా పొయ్యిల్లో పిల్లులు పడుకుంటున్నాయి.

ఒక మధ్యాహ్నం సంజమ్మ గిన్నె పట్టుకుని వచ్చింది. మనిషి ఎముకల గూడైంది. నవ్వు మాత్రం పాతదే.

"ఏం వండుతున్నావే, ఓబులీ?"

"వంట కాదే. జిగురు."

"జిగురైతే ఏం? గంజే గదా. ఒక గరిటె పొయ్యి."

"తుత్తం కలిపినానే. తింటే చస్తావు."

"తినకపోతే బతుకుతానంటావా?"

ఓబులమ్మ జిగురు కలుపుతూనే ఉంది. సంజమ్మ గిన్నె తిరగేసి చంకన పెట్టుకుంది.

"సర్లే. మీ ఇంట్లో పూలు కూడా బియ్యం తింటున్నాయి. వాటికి పెట్టినాకే మాకు," అని గోడ పట్టుకుని ఇంటికి నడిచింది.

ఆ సాయంత్రం ఓబులమ్మ తుత్తం కలపని పిండితో కాసింత గంజి కాచి తీసుకుపోయింది. సంజమ్మ తలుపు తెరిచే ఉంది. మనిషి అప్పటికే చల్లబడి ఉంది.

గురువారం వచ్చింది. పన్నీరు చల్లారు, తెర లాగారు, పెద్దలు కేక వేశారు. ఈసారి వచ్చిన పెద్దలు తక్కువ. వచ్చినవాళ్లు కూడా కేక వేశాక కంచె పట్టుకుని కాసేపు కూర్చున్నారు. జొన్నలమిట్ట నుంచి చెన్నమ్మ వచ్చింది. పిల్ల భుజం మీద తల వాల్చుకుని పడుకుంది. పూలకేసి చెయ్యి చాచలేదు.

మూడో ఏడు ఎండలు మొదలయ్యాయి. కాలువ అడుగున మట్టి పెంకులుగా లేచింది. దండపాణి బండ్లు మాత్రం రేవుకు పోతూనే ఉన్నాయి. అద్దాల మేడకు ఇంకా కప్పు వెయ్యాలి.

ఒకరోజు ఓబులమ్మ ఇంటి ముందు ఎవరో వచ్చి నిలబడ్డారు. కొంగు తల మీదకు లాక్కున్న మనిషి. దగ్గరకొస్తే గానీ కూతురని పోల్చుకోలేకపోయింది. చంక ఖాళీగా ఉంది.

ఓబులమ్మ వీధి మలుపు దాకా చూసింది.

"పిల్లేదే?" అంది.

చెన్నమ్మ అరుగు మీద కూర్చుంది. కాళ్ల దుమ్ము దులుపుకుని అంది.

"మా ఊరొక్కటే పాపం చేసుకుందనుకున్నామ్మా. దారిలో నడిచొస్తుంటే చూశాను. గోనూరు ఖాళీ. రాళ్లబండలో కుక్కలే తిరుగుతున్నాయి. అన్ని ఊళ్లూ ఎండినాయి. మరి ఆ పూలెట్ల పూశాయి?"

ఓబులమ్మ లోపలికి పోయి నీళ్లు తెచ్చింది. ఆలోపు చెన్నమ్మ గుమ్మం పక్క గంప చూసింది. గంపలో ముడతల కాగితం. లేత రంగు, తెలుపు, అంచులెర్రబడిన తెలుపు. ఒక రేకు తీసి వేళ్ల మధ్య సాగదీసింది. రేకు సాగింది.

"ఇవెవరికి?"

"కోటకు."

"ఎన్నో ఏడు?"

ఓబులమ్మ మూడువేళ్లు చూపించింది.

చెన్నమ్మ తిట్టలేదు, ఏడవలేదు. రేకును మళ్లీ గంపలో పెట్టింది. నీళ్లు తాగకుండానే లేచి వెళ్లిపోయింది. తిడితే ఓబులమ్మ ఓర్చుకునేది. ఆ తాగని నీళ్ల చెంబు చూసి ఓర్చుకోలేకపోయింది. ఆ చెంబు ముందే కూర్చుని గుండె బాదుకుని ఏడ్చింది. ఏడుపయ్యాక, ఈసారి నిజం బయటపెట్టాలని నిశ్చయించుకుంది. ఎలాగో మాత్రం తోచలేదు.

దారి చూపించింది దండపాణే.

మార్గశిరం దగ్గరపడింది. మంత్రి రేవుకు ప్రయాణమవుతూ ఆమెను పిలిపించాడు.

"పెద్దలు గొణుగుతున్నారు, ఓబులమ్మా. నిరుడూ ముందటేడూ పూలు ఒక్క తీరుగా ఉన్నాయట. వాడిన రేకు ఒక్కటీ లేదట. ఈసారి కాస్త నిజంగా ఉండాలి. నాలుగు వాడినవి ఉండనీ, అంచులు మాడినవి ఉండనీ. చూసినవాడు చెట్టు పూసిన పువ్వే అనుకోవాలి. తెలిసిందా?"

ఓబులమ్మ తల ఎత్తి ఆయన మొహంలోకి చూసింది.

"చెట్టు ఎట్లుందో అట్లే చెయ్యమంటారా, అయ్యా?"

"అట్లే చెయ్యి," అన్నాడు దండపాణి. ఆయనకు బండ్ల తొందర.

తోట చుట్టూ తెర కట్టారు. బయట భటులను కాపలా పెట్టారు. లోపల ఓబులమ్మ, ఎల్లప్ప మాత్రమే. ఆమె ఏం చెయ్యబోతున్నదో చెప్పగానే ఎల్లప్ప తెరకేసి చూసి గొంతు తగ్గించాడు.

"ఎందుకక్కా ఇంత యాతన? పొదలు ఉత్తవే వదిలేద్దాం. పూలు లేవని అందరూ చూస్తారు గదా."

"ఉత్త పొదలు చూపిస్తే దొంగలు కోసుకుపోయారంటాడు రాజు. నీ మెడకు చుడతాడు. పూలు ఉండాలి, ఎల్లప్పా. చచ్చిన పూలు ఉండాలి. మొదటి ఏడు చివరి పూలు ఎట్ల చచ్చినాయో నువ్వు చూశావు. చెప్పు."

ఎల్లప్ప కళ్లు మూసుకుని చెప్పాడు.

"పన్నీరు రాలదక్కా. కొమ్మ మీదే మాడి, ఎండిన పొగాకు రంగైపోతుంది. సందె గులాబి ఎర్రబడకముందే, తెల్లగానే రాలిపోతుంది. ముద్ద విచ్చుకోనే విచ్చుకోదు. మొగ్గలోనే మురిగి బూజు పడుతుంది."

ఓబులమ్మ తుమ్మచెక్క ఉడికించిన నీళ్లలో కాగితం తడిపి ఎండబెట్టింది. అది పొగాకు రంగు తేలింది. అంచులు దీపం మీద కాల్చింది. తెల్లని రేకులు కొన్ని కొమ్మకు వేలాడదీసి, కొన్ని నేల మీద రాల్చింది. ముద్ద మొగ్గలను బిగించి చుట్టి, మసి అద్దింది. తన బతుకులో అంత శ్రద్ధగా ఏ పువ్వూ చెయ్యలేదు. ఏ పువ్వు చేసినా అంత ఏడవలేదు.

గురువారం పొద్దున్నే భటులు తెర సందులోంచి తొంగిచూశారు. కొమ్మ కొమ్మకూ ఏదో కట్టి ఉంది. వాడినవి కూడా చెయ్యమని మంత్రి చెప్పిన సంగతి వాళ్లూ విన్నారు. ఇంకేమీ అడగలేదు.

కంచె అవతల జనం చేరారు. నిలబడే ఓపిక ఉన్నవాళ్లు తక్కువ. చెన్నమ్మ ఒక మూల కూర్చుంది. మంత్రి ఇంకా రేవు నుంచి తిరిగి రాలేదు. రాజు జయకేతుడు పట్టుబట్టలతో వచ్చాడు. తోటకు వీపు పెట్టి, జనానికి మొహం పెట్టి నిలబడ్డాడు. అలవాటుగా చెయ్యి వెనక్కు చాచి తెర లాగాడు.

"మా పూర్వులు నాటిన తోట," అని మొదలుపెట్టాడు. "మా ఏలుబడిలో ఏనాడూ వాడని తోట. కళ్లారా చూడండి. ఈ ఏడు మరింత నిండుగా పూసింది."

జనం చూస్తున్నారు. ఎవరూ కేక వెయ్యలేదు.

"చూస్తున్నారు గదా," అన్నాడు రాజు ఇంకొంచెం గట్టిగా. "నోట మాట రానంత అందం."

గోనూరు పెద్ద తిమ్మప్ప కర్ర ఊతంతో లేచాడు. తోట మొత్తం ఒకసారి చూశాడు. అప్పుడు, ఏళ్ల తరబడి ఎవరూ ఆ కంచె దగ్గర వినని కేక వేశాడు.

"పన్నీరు మాడింది."

రాళ్లబండ పెద్ద అందుకున్నాడు. "సందె తెల్లగానే రాలింది."

జొన్నలమిట్ట తరఫున పెద్దలెవరూ మిగల్లేదు. చెన్నమ్మ లేచి నిలబడింది.

"ముద్ద విచ్చలేదు," అంది.

రాజు గిరుక్కున వెనక్కు తిరిగాడు. తోట చూశాడు. మొహం పాలిపోయింది. గాదెల కావలివాడు నడుముకున్న తాళంచెవి మీద చెయ్యి వేశాడు. అది చూసి రాజుకు కంగారు పుట్టింది. కంగారులో నోరు జారింది.

"ఆగండి. ఇది మోసం. ఇవి నిజం పూలు కావు. కాగితం. దగ్గరకొచ్చి చూడండి, ఉత్త కాగితం."

ఒక పువ్వు పీకి, చించి, జనం మీదికి విసిరాడు.

తిమ్మప్ప ఆ ముక్క ఏరుకున్నాడు. వేళ్లతో నలిపి చూశాడు.

"నిజమే, మహారాజా. కాగితమే. మరి నిజం పూలేవి?"

రాజు ఒక అడుగు వెనక్కు వేశాడు.

"ఇవి నిజం పూలైతే, మాడిపోయాయి. కాగితమైతే, తోట పూయలేదు. ఎట్ల చూసినా గాదెలు తియ్యాల్సిందే. ఇంకొక్క మాట. దూరం నుంచి మేమెవరం కనిపెట్టలేకపోయాం. తమరు చూడగానే కాగితమని ఎట్ల చెప్పారు?"

ఆ మాటకు కంచె పొడుగునా గాలి ఆగినట్టైంది. ముందు ఒకరు, తర్వాత పదిమంది, తర్వాత అందరూ లెక్క కట్టుకున్నారు. నిరటి పూలు. ముందటేటి పూలు. నిరుడు పోయినవాళ్లు. ముందటేడు పోయినవాళ్లు.

"ఎవరు చేశారివి?" అన్నాడు తిమ్మప్ప.

ఎల్లప్ప తల దించుకున్నాడు. ఓబులమ్మ పొదల మధ్య నుంచి ముందుకొచ్చింది.

"నేను," అంది. "ఇవీ నేనే. అవీ నేనే."

ఎవరో రాయి ఎత్తారు. విసిరే బలం లేక వదిలేశారు.

గాదెల కావలివాడు రాజుకేసి చూడకుండా నడిచాడు. అతని వెనక జనం నడిచారు. ఇనుప తలుపులు కీచుమన్నాయి. లోపల వెలుగు పడింది. మొదటి గాదె ఖాళీ. రెండో గాదె ఖాళీ. మూడో దానిలో సగానికి ధాన్యం ఉంది. ఉన్న జనం సగానికి సగమయ్యారు గనుక, ఆ సగం గాదె వాళ్లకు తొలకరి దాకా సరిపోయింది.

దండపాణి రేవు నుంచి తిరిగి రాలేదు. ఏ ఓడ ఎక్కాడో ఎవరికీ తెలియదు. జయకేతుడు రాజుగానే ఉన్నాడు. కానీ అప్పటి నుంచి ఆయన ఎదుట నిలబడ్డవాళ్లు ఆయన మాట వినే ముందు, ఆయన వీపు వెనక ఏముందో చూసేవారు.

తూము తెరిచారు. ఎల్లప్ప పొదల మొదళ్లు గోటితో గీకి చూశాడు. ఏ మొదట్లోనూ పచ్చ లేదు. పన్నీరు, సందె, ముద్ద, ఆ మూడు రకాలూ మళ్లీ ఎక్కడా పూయలేదు.

గాదె ముందు వరసలో అందరికంటే చివర ఓబులమ్మ నిలబడింది. ఆమె దాకా వచ్చేసరికి ఆనాటి పంపకం అయిపోయింది. ఖాళీ కొంగుతో తిరిగి వస్తుంటే, గింజల మూటతో కూతురు ఎదురైంది.

తల్లి చేతులకేసి చూసింది చెన్నమ్మ. తుమ్మచెక్క రంగు ఇంకా వదల్లేదు.

"ఈ పూలు మొదటేడే చేసుండొచ్చు గదమ్మా," అంది.

చెన్నమ్మ మూట విప్పి, గింజల్లో సగం తల్లి కొంగులో పోసి, మళ్లీ ముడి వేసుకుని జొన్నలమిట్ట దారి పట్టింది. ఓబులమ్మ ఆ గింజలు ఒక్కటీ జారకుండా పట్టుకుని, కూతురు కనుమరుగయ్యేదాకా దారిలోనే నిలబడింది.

నిజం ఎప్పుడు చెప్పినా గెలుస్తుంది, పిల్లలూ, కానీ వేళకు చెప్పిన నిజమే మనుషులను బతికిస్తుంది.